దేశం గెలిచాక మిగిలిపోయిన ఫిర్యాదు

2012 ఏప్రిల్ 24న ఢిల్లీ విమానాశ్రయంలో ఇద్దరు పసిపిల్లలకు స్వాగతం పలకడానికి విదేశాంగశాఖ సహాయమంత్రి ప్రణీత్ కౌర్ స్వయంగా వెళ్లారు. బాబుకు మూడేళ్లు దాటాయి. పాపకు ఏడాదిన్నర ఇంకా నిండలేదు. నార్వేలోని స్టావంగర్ నగరంలో దాదాపు ఏడాదిపాటు తల్లిదండ్రులకు దూరంగా పెరిగిన ఆ పిల్లల్ని విమానంలో వెంటబెట్టుకొచ్చింది తల్లీ కాదు, తండ్రీ కాదు. వాళ్ల బాబాయి. టీవీ చానళ్లు ఆ రాత్రంతా దీన్ని భారతదేశ దౌత్య విజయంగా చూపించాయి. పిల్లల్ని పోగొట్టుకున్నానని అందరికంటె ముందు మొరపెట్టుకున్న తల్లి ఆ విజయంలో ఎక్కడుందన్న ప్రశ్న ఆ రాత్రి పెద్దగా వినిపించలేదు.

ఆ కుటుంబ సభ్యుల పేర్లు దేశమంతటికీ తెలుసు. పిల్లలు ఎదిగి వచ్చారు గనుక ఇక్కడ వాటితో పని లేదు. పని ఉన్నదల్లా ఆ ఫిర్యాదు నడిచిన దారితోనే.

స్టావంగర్ నార్వే చమురు పరిశ్రమకు కేంద్రం. ఆ రంగంలో ఉద్యోగం చేస్తున్న బెంగాలీ తండ్రి, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్న తల్లి, బాలవాడికి వెళ్లే కొడుకు, చంటిబిడ్డ. కొడుకు ఎదుగుదలపై ఆందోళనతో స్థానిక బాలల సంరక్షణ విభాగం ఆ ఇంట్లోకి అడుగుపెట్టింది. సహాయం పేరుతో మొదలైన ఇంటి సందర్శనలు పరిశీలనగా, పరిశీలన నివేదికగా మారాయి. 2011 మే నెలలో పిల్లలిద్దరినీ తీసుకువెళ్లారు. పాపకు అప్పటికి అయిదు నెలలు, ఇంకా తల్లిపాలు తాగుతోంది. నవంబరులో కౌంటీ బోర్డు తీర్పు చెప్పింది: పద్దెనిమిదేళ్లు నిండేవరకు పిల్లలు పెంపుడు కుటుంబాల్లోనే ఉండాలి, తల్లిదండ్రులు ఏడాదికి కొన్ని గంటలు మాత్రమే వాళ్లను చూడవచ్చు.

ఈ తీర్పు ఎవరి అధికారం కింద వచ్చిందో తెలియాలంటే నార్వే చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్లాలి. నిర్లక్ష్యానికి గురైన పిల్లల బాధ్యతను ఆ దేశం 1896లోనే చట్టంలోకి తెచ్చింది. ప్రపంచంలో ఇటువంటి తొలి చట్టాల్లో అదొకటి. ప్రతి మున్సిపాలిటీలోనూ ఒక మండలి ఏర్పడింది. అందులో స్థానిక న్యాయాధికారి, చర్చి పాస్టరు, ఊరి పెద్దలు కూర్చునేవారు. పిల్లవాడు దారితప్పుతున్నాడని ఊరు అనుకుంటే ఇంటినుంచి తీసుకుపోయే అధికారం వాళ్లది. 1953లో చట్టం మారింది, 1992లో మళ్లీ మారింది. పాస్టరు స్థానంలోకి సామాజిక కార్యకర్త, మనస్తత్వ నిపుణుడు వచ్చారు. తీసుకుపోవాలని కోరేది మున్సిపాలిటీ, నిర్ణయించేది కౌంటీ బోర్డు అన్న విభజన ఏర్పడింది. ఆపైన కోర్టుకు వెళ్లే హక్కు ఉంది. కాగితం మీద చూస్తే లోపం కనిపించదు.

కానీ ఆ వ్యవస్థ గతంలో ఒక చీకటి గది కూడా ఉంది. టాటర్లు అనే సంచార జాతి కుటుంబాల నుంచి ఇరవయ్యో శతాబ్దంలో సుమారు పదిహేనువందల మంది పిల్లల్ని తీసుకుపోయారు. ఆ పనిలో ముందున్నది ఒక క్రైస్తవ సేవా సంస్థ. దాని వెనుక ఉన్నది ప్రభుత్వ నిధులు, చట్టం. ఆ తల్లిదండ్రుల మొరలు దశాబ్దాలపాటు ఎవరికీ వినపడలేదు. వాళ్ల తరఫున మాట్లాడే దేశం ఏదీ లేదు. శతాబ్దం చివరికి గాని నార్వే ప్రభుత్వం క్షమాపణ చెప్పలేదు. స్టావంగర్ గొడవప్పుడు ఢిల్లీలో ఎంతో మంది నార్వేని తిట్టారు గాని, ఈ చరిత్రను ముందుకు తెచ్చినవాళ్లు అరుదు. సంస్కృతుల మధ్య ఘర్షణగా చూపించడం తేలిక, వార్తకు పనికొస్తుంది కూడా.

చేత్తో అన్నం కలిపి తినిపించడం, పిల్లవాణ్ణి తండ్రి తన పక్కలో పడుకోబెట్టుకోవడం. 2012 జనవరిలో భారత పత్రికల్లో వార్త ఈ రెండు వివరాలతోనే పేలింది. గోరుముద్దలు తినిపించని తల్లి లేని దేశంలో ఆ వార్త ఎలా రగిలిందో చెప్పనక్కరలేదు. స్టావంగర్ అధికారుల నోరు గోప్యత చట్టం కట్టేసింది. కారణం సంస్కృతి కాదని వాళ్లు చెప్పగలిగారు, అసలు కారణమేమిటో చెప్పలేకపోయారు. తల్లిదండ్రులు మాట్లాడవచ్చు, సంస్థ మాట్లాడరాదు. పిల్లల పరువు కాపాడడానికి పెట్టిన ఈ నియమం రెండువైపులా కోస్తుంది. సంస్థ తన తప్పును దాని చాటున దాచుకోవచ్చు. తన ఒప్పును చెప్పుకోవలసి వచ్చినప్పుడూ అదే అడ్డువస్తుంది. సగం వివరాలు తెలిసిన దేశం మిగతా సగాన్ని ఆవేశంతో పూరించుకుంది.

న్యూఢిల్లీలోని నార్వే రాయబార కార్యాలయం ముందు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ ధర్నాకు దిగారు. సీపీఎం నాయకురాలు బృందా కారత్ మొదటినుంచీ ఆ కుటుంబం పక్షాన నిలబడ్డారు. లోక్‌సభలో ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్న సుష్మా స్వరాజ్ సంఘీభావం తెలిపారు. విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ నార్వే విదేశాంగ మంత్రితో ఫోనులో మాట్లాడారు. సీనియర్ దౌత్యవేత్తను ప్రత్యేక దూతగా ఓస్లోకు పంపారు. 2జీ కుంభకోణం, లోక్‌పాల్ వివాదాలతో ఊపిరాడని మన్మోహన్ ప్రభుత్వానికి ఎవరూ ఎదురుచెప్పని అంశం ఒకటి దొరికింది. ఏ విషయంలోనూ కలవని పక్షాలు దీంట్లో కలిశాయి. ఒక మున్సిపాలిటీ తీసుకున్న నిర్ణయంపై తల్లిదండ్రుల ఫిర్యాదు, రెండు నెలల్లో, రెండు సార్వభౌమ ప్రభుత్వాల మధ్య వ్యవహారంగా మారిపోయింది.

మార్పు అక్కడే జరిగింది. ప్రభుత్వాలు చర్చించుకోవడం మొదలుపెట్టాక ప్రశ్న రూపమే మారింది. తల్లి అడిగింది, తన పిల్లల్ని తనకిమ్మని. ప్రభుత్వాలు అడిగింది, పిల్లల్ని భారతదేశానికి పంపే మార్గమేమిటని. రెంటికీ జవాబు ఒకటే కానవసరం లేదు. తల్లిదండ్రులిద్దరి మీదా నార్వే సంస్థకు నమ్మకం లేదు కాబట్టి తండ్రి తమ్ముణ్ణి సంరక్షకుడిగా ఒప్పించారు. మార్చిలో దంపతుల మధ్య కలహం పత్రికలకెక్కడంతో నార్వే అధికారులు వెనకడుగు వేశారు, విచారణ ఆగిపోయింది. అప్పటిదాకా కన్నతల్లిగా కొనియాడిన నోళ్లే ఆమె మనఃస్థితి గురించి గుసగుసలాడాయి. చివరకు ఏప్రిల్‌లో స్టావంగర్ కోర్టు పిల్లల్ని బాబాయికి అప్పగించింది. దేశం ఫిర్యాదు పరిష్కారమైంది.

అదే ఏడాది డిసెంబరులో నార్వే నుంచి మరో వార్త వచ్చింది, ఈసారి తెలుగు ఇంటి నుంచి. ఓస్లోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తండ్రికి ఏడాదిన్నర, తల్లికి పదిహేను నెలల జైలుశిక్ష పడింది. ఏడేళ్ల కొడుకును పదేపదే హింసించారన్నది అభియోగం. పిల్లవాడు బడి బస్సులో బట్టలు తడుపుకొంటే ఇండియాకు పంపేస్తానని తండ్రి బెదిరించాడని, అందుకే జైలని మొదటి వార్తలు చెప్పాయి. కోర్టు ముందున్న అభియోగాలు అంత చిన్నవి కావు: బెల్టుతో కొట్టడం, కాల్చిన లోహంతో వాత పెట్టడం.

వాత అనే మాటకు తెలుగులో అర్థం చెప్పనక్కరలేదు. అట్లకాడ కాల్చి వాత పెడతానని బెదిరించని పెద్దవాళ్లు మన ఊళ్లలో ఒక తరం కిందట తక్కువ. దాన్ని పెంపకంగా భావించిన తరమది. నార్వే తల్లిదండ్రులు పిల్లల మీద చేయి చేసుకోవడాన్ని 1987లో చట్టవిరుద్ధం చేసింది. 2010లో ఆ నిషేధాన్ని మరింత స్పష్టం చేసింది. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది గాని, ఇంట్లో బెత్తం జోలికి పోలేదు. అప్పటికే హైదరాబాద్ చేరి పెద్దవాళ్ల దగ్గరున్న పిల్లల కోసం, జైల్లో ఉన్న తల్లిదండ్రుల కోసం బంధువులు ప్రభుత్వం సాయం అర్థించారు. ఫిబ్రవరిలో ఢిల్లీ వీధుల్లో కనిపించిన అఖిలపక్ష ఉత్సాహం డిసెంబరులో కనిపించలేదు. నిజానికి రెండు కేసులూ ఒకటి కావు. మొదటిది ఒక సంరక్షణ సంస్థ అంచనా, రెండోది సాక్ష్యాలు విన్న క్రిమినల్ కోర్టు తీర్పు. ఈ తేడాను ఢిల్లీ గుర్తించడం సబబే. అయితే బెంగాలీ కుటుంబం విషయంలో నార్వే పిల్లల దొంగ అని, తెలుగు కుటుంబం విషయంలో అది వాళ్ల చట్టమని సర్దుకుపోవడంలో పిల్లవాడి ఒంటిమీద ఏం జరిగిందన్న చర్చ మాత్రం ఎక్కడా జరగలేదు. తెలుగు చానళ్లలో సైతం, మన పిల్లల్ని మనం మందలించుకోకూడదా అన్న రుసరుసే ఎక్కువ వినిపించింది.

స్టావంగర్ తల్లి సంగతికి వస్తే, ఆమె పోరాటంలో అసలు ఘట్టం అప్పుడే మొదలైంది. పిల్లలు పశ్చిమ బెంగాల్‌లోని కుల్టీలో తండ్రి తరఫు కుటుంబం దగ్గర ఉన్నారు. భార్యాభర్తలు విడిపోయారు. పిల్లల్ని తనను చూడనివ్వడం లేదని, వాళ్ల ఆలనాపాలనా సరిగా లేదని ఆమె బర్ధమాన్ జిల్లా బాలల సంక్షేమ సమితిని ఆశ్రయించారు. స్టావంగర్‌లో ఎవరిమీద ఏ ఫిర్యాదు చేశారో, దాదాపు అదే ఫిర్యాదు ఈసారి స్వదేశంలో. ఈ సమితి కూడా స్థానిక సంస్థే. దానికీ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే బాధ్యత ఉంది. 2012 నవంబరులో పిల్లల్ని తల్లికి అప్పగించాలని అది ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితంగానే మిగిలింది. ఆమె మళ్లీ కలకత్తా హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2013 జనవరిలో హైకోర్టు ఆదేశంతోగాని పిల్లలు తల్లి ఒడికి చేరలేదు. ఢిల్లీ విమానాశ్రయం నుంచి ఆ ఒడికి పట్టిన కాలం ఎనిమిది నెలలపైనే. ఆ ఎనిమిది నెలల్లో విదేశాంగశాఖ ప్రత్యేక దూత ఎవరూ కుల్టీకి వెళ్లలేదు.

2023 మార్చిలో రాణీ ముఖర్జీ కథానాయికగా వచ్చిన ‘మిసెస్ చటర్జీ వర్సెస్ నార్వే’ ఈ ఘట్టాన్నీ చూపించింది. నార్వే రాయబారి ఆ సినిమాను కల్పితమని ఖండిస్తూ పత్రికలో వ్యాసం రాశారు. పేరులోనే ప్రత్యర్థి ఎవరో తేల్చేసిన సినిమా అది. ఆ తల్లి ఆఖరి వ్యాజ్యం మాత్రం నార్వే మీద కాదు.

విదేశాల ఫిర్యాదులు నార్వేకు కొత్తకావు, భారత్‌తో ఆగనూలేదు. 2011లో ఇద్దరు చెక్ పిల్లల్ని తీసుకున్నందుకు 2015లో ఆ దేశాధ్యక్షుడు మిలోష్ జెమాన్ నాజీల కాలంతో పోల్చి మరీ దుయ్యబట్టారు. నార్వే చలించలేదు. అదే 2015లో రుమేనియా–నార్వే దంపతుల అయిదుగురు పిల్లల్ని తీసుకుంటే మరుసటి ఏప్రిల్‌లో అనేక దేశాల నగరాల్లో ఊరేగింపులు జరిగాయి. ఆ పిల్లలు జూన్‌లో ఇంటికి చేరారు. ఎవరి మొర ఎంత దూరం వినిపించిందో అన్నది వాళ్ల వెనుక ఎంత జనముందన్న దానిపై ఆధారపడిన కాలమది.

నార్వే వ్యవస్థను కదిలించినవి ధర్నాలూ కావు, దూతలూ కావు. అక్కడి తల్లులే, ఎలాంటి రాయబార కార్యాలయం అండ లేకుండా, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2008లో పుట్టిన కొన్నాళ్లకే తీసుకుపోయి తర్వాత దత్తతకిచ్చేసిన ఒక పిల్లవాడి తల్లి కేసులో, 2019 సెప్టెంబరు 10న ఆ న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం 13–4 మెజారిటీతో నార్వేను తప్పుపట్టింది. తీర్పు సారాంశం సామాన్యంగా కనిపిస్తుంది: బిడ్డను తీసుకోవడం తాత్కాలిక చర్యగా ఉండాలి; తిరిగి కలపడమే లక్ష్యం కావాలి; ఏడాదికి కొన్ని గంటలు మాత్రమే చూడనిచ్చి, ఆనక తల్లీబిడ్డల మధ్య బంధం లేదని చెప్పి శాశ్వతంగా విడదీయకూడదు. స్టావంగర్ దంపతులకు కౌంటీ బోర్డు విధించింది సరిగ్గా అటువంటి గంటల లెక్కే. 2021 డిసెంబరులో సోమాలియా నుంచి వచ్చిన ముస్లిం తల్లి కేసులోనూ నార్వేకు మొట్టికాయ పడింది. ఆమె కొడుకును క్రైస్తవ కుటుంబానికి దత్తతిచ్చేటప్పుడు తల్లి మతాన్ని, మూలాలను తగినంతగా పట్టించుకోలేదని కోర్టు చెప్పింది. 2020లోనే నార్వే సుప్రీంకోర్టు ఈ వెలుగులో కింది సంస్థలకు దారి చూపింది. 2023 జనవరి 1 నుంచి కొత్త బాలల సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. ఇదంతా భారత పత్రికల్లో లోపలి పేజీల్లో సైతం పెద్దగా కనిపించలేదు. జాతీయ గౌరవానికి ఇందులో వాటా లేదు మరి.

ఈలోగా బెర్లిన్ వచ్చింది. 2021 సెప్టెంబరులో ఏడు నెలల గుజరాతీ పాపకు దెబ్బ తగిలిందని తల్లిదండ్రులు ఆస్పత్రికి తీసుకువెళితే, అనుమానంతో జర్మనీ బాలల సంరక్షణ సంస్థ పాపను తన ఆధీనంలోకి తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో పోలీసు దర్యాప్తు అభియోగాలేవీ లేకుండానే ముగిసింది. బిడ్డ మాత్రం తిరిగి రాలేదు. విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ జర్మనీ మంత్రితో ఈ విషయం ప్రస్తావించారు. 2023 జూన్‌లో 19 పార్టీలకు చెందిన 59 మంది ఎంపీలు జర్మనీ రాయబారికి లేఖ రాశారు. అదే నెలలో బెర్లిన్ కోర్టు తల్లిదండ్రులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2012 నాటి నాటకం పాత్రలు మారి మళ్లీ నడిచింది, కాకపోతే ఈసారి విమానాశ్రయ దృశ్యం లేదు. పాపకు గుజరాతీ రాదు, తన భాషలో తనవాళ్లతో పెరిగే హక్కు ఆమెకు ఉందన్న భారత వాదన బలమైనదే. స్ట్రాస్‌బర్గ్ తీర్పులు కూడా దాన్ని సమర్థిస్తాయి. దానికి తోడుగా విదేశాంగశాఖ మరో మాట చెప్పింది: భారతదేశంలో పటిష్ఠమైన బాలల సంరక్షణ వ్యవస్థ ఉంది, పాప బాధ్యతను అది చూసుకోగలదని.

ఆ వ్యవస్థ బాలల న్యాయ చట్టం కింద ప్రతి జిల్లాలోనూ ఉంది. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు, అందులో కనీసం ఒక మహిళ. దాని తీరుపై ఫిర్యాదు ఉంటే జిల్లా కలెక్టరు వినాలి. ఉత్తర్వుపై ముప్పై రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు. బెర్లిన్ పాపను తీసుకున్న ఏడాదిలోనే అది ఎలా పనిచేసిందో కేరళ చూపించింది. 2020 అక్టోబరులో తిరువనంతపురంలో ఒక యువతి ప్రసవించింది. కులాంతర సంబంధాన్ని ఒప్పుకోని ఆమె కన్నవాళ్లే బిడ్డను మూడు రోజులకు రాష్ట్ర శిశు సంక్షేమ మండలికి చేర్చారు. కుటుంబం సీపీఎంలో పేరున్నది. స్టావంగర్ తల్లికి ఢిల్లీలో అండగా నిలిచింది కూడా ఆ పార్టీ నాయకురాలే, కాబట్టి ఈ సంగతి చెప్పకుండా వదలడం కుదరదు. 2021 ఏప్రిల్‌లో ఆమె తన బిడ్డ కోసం పోలీసులకు ఫిర్యాదు చేసింది. పార్టీ పెద్దలకు చెప్పుకుంది, సంక్షేమ సమితికి చెప్పుకుంది. ఆ ఫిర్యాదులు అలా ఉండగానే ఆగస్టులో బిడ్డను దత్తతకు ముందస్తు సంరక్షణ కింద ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతులకు ఇచ్చేశారు.

అక్టోబరులో ఆమె వీధికెక్కింది. అసెంబ్లీలో ప్రతిపక్షం లేవనెత్తింది, కుటుంబ న్యాయస్థానం దత్తత ప్రక్రియను ఆపింది. శాఖాపరమైన విచారణలో సంక్షేమ మండలి, బాలల సమితి రెండింటి పనితీరులోనూ లోపాలు బయటపడ్డాయి. ఏప్రిల్ ఫిర్యాదుకు ఉలకని యంత్రాంగం నవంబరులో ఒక్క వారంలో బిడ్డను వెనక్కి రప్పించి, డీఎన్ఏ పరీక్ష ముగించింది. మూడు నెలలకు పైగా బిడ్డను పెంచుకుంటున్న ఆంధ్ర దంపతులు కేరళ అధికారుల చేతికి బిడ్డను ఇచ్చేశారు. వాళ్లు చట్టప్రకారం దరఖాస్తు పెట్టి, వంతు వచ్చేదాకా ఆగి, అధికారులు ఇచ్చిన బిడ్డనే తీసుకున్నవారు. నవంబరు 24న న్యాయమూర్తి ఛాంబర్‌లో బిడ్డను కన్నతల్లికి అప్పగించారు.